బాబాయ్‌కి వినపడని దీవి

మోతె నుంచి సూర్యాపేట వచ్చే బస్సులో కిటికీకి తల ఆనించి కళ్ళు మూసుకున్నాను. పొద్దున మొదలుపెట్టిన పాఠాలు మధ్యాహ్నం దాకా చెప్పి, ఆ తర్వాత పదో తరగతి పిల్లల ఇళ్ళ చుట్టూ తిరిగి వస్తున్నాను. ప్రైవేటు జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెప్పేవాళ్ళకు చలికాలం వచ్చిందంటే ఈ రెండో ఉద్యోగం తప్పదు. మీ పిల్లను మా కాలేజీలో చేర్పించండని గడప గడపకూ చెప్పాలి. కొందరు కూర్చోబెట్టి మంచినీళ్ళిస్తారు. కొందరు మొరిగే కుక్కను కూడా వెనక్కి పిలవరు. ఆ రోజు పోయిన ఇళ్ళలో సగానికి తాళాలే ఉన్నాయి, మనుషులంతా నాట్లకు పోయారు. గొంతు బొంగురుపోయింది. కాళ్ళు చెప్పుల్లోంచి బయటికి రానంత వాచాయి.

ఫోన్ మోగింది. మిర్యాలగూడ తమ్ముడు.

సొంత తమ్ముడు కాదు. రైస్ మిల్లుల్లో కాలిపోయిన మోటార్లకు వైండింగ్ చేసే షాపు అతనిది. అతనికీ నాకూ ఉన్న చుట్టరికమల్లా రేడియో.

"అక్కా, గీడ కరెంటు పోయింది. మిల్లులన్నీ బంద్. బ్యాటరీ మీద సెట్టు పెట్టిన. దీవి ఇనబడుతున్నదక్కా! సన్నగ, గని సాఫ్‌గ ఇనబడుతున్నది."

"బాబాయ్‌కి చెప్పినవా?"

"ఫస్టు ఆయనకే చేసిన. ఆయనకేం వస్తలేదంట. నేను క్లస్టర్ల పెడుతున్న. నువ్వు జెల్ది ఇంటికి పో."

"నేనింక బస్సులనే ఉన్నరా. పోయేసరికి అయిపోతది."

ఫోన్ పెట్టేసి మళ్ళీ తల ఆనించాను. నిజానికి ఇంటికి పోగానే పడుకోవాలని ఉంది. దీవి ఎక్కడికి పోతుంది, రేపు వినొచ్చులే అనుకున్నాను.

మా పని తెలియనివాళ్ళకు కొంచెం చెప్పాలి. మేం లైసెన్సు తీసుకుని ఇంట్లో రేడియో స్టేషన్ పెట్టుకున్న అమెచ్యూర్లం. మేడ మీద ఒక తీగ కట్టి, ఆ తీగ మీదుగా ప్రపంచంలో ఇంకెక్కడో ఇలాగే తీగ కట్టుకున్న మనిషితో మాట్లాడతాం. కొందరు గొంతుతో, కొందరు మోర్స్ కోడ్ చుక్కలూ గీతలతో. ఇందులో లాభం లేదు. దూరం ఉంది, అంతే. ఎంత దూరపు మనిషి వినపడితే అంత సంతోషం. అయితే దూరపు స్టేషన్లు ఎప్పుడు పడితే అప్పుడు వినపడవు. పొద్దు గుంకేటప్పుడు కాసేపు, తెల్లవారేటప్పుడు కాసేపు దారి తెరుచుకుంటుంది, మళ్ళీ మూసుకుంటుంది. అందుకని ఒకరి మీద ఒకరం ఆధారపడతాం. ఎవరికి ఏ దూరపు స్టేషన్ వినపడినా, దాని గుర్తూ, అంటే లైసెన్సుతో పాటు ఇచ్చే అక్షరాల పేరూ, అది ఏ ఫ్రీక్వెన్సీ మీద ఉందో వెంటనే ఇంటర్నెట్‌లో ఒక పేజీలో రాస్తాం. దాన్నే క్లస్టర్ అంటాం, అందులో రాసే ఒక్కో వరుసను స్పాట్ అంటాం. మిర్యాలగూడలో రాసింది రెప్పపాటులో జపాన్‌లో కనపడుతుంది. బ్రెజిల్‌లో ఒకాయన రాసింది సూర్యాపేటలో మా వంటింటి పక్క గదిలో కనపడుతుంది. ముక్కూ ముఖం తెలియని మనుషులు "ఇదిగో, ఇక్కడ వినపడుతోంది, నువ్వూ విను" అని చెప్పుకోవడం అన్నమాట. ఎవరూ అడగకపోయినా చెప్పడమే అక్కడి మర్యాద.

ఆ మర్యాద మాకు నేర్పింది కోదాడ బాబాయ్. ఆయన పోలీసు వైర్‌లెస్‌లో పనిచేసి రిటైరయ్యారు. నేను మొదట కోదాడ కాలేజీలో చేరిన కొత్తలో, మా ల్యాబ్‌లో రేడియో గురించి చెప్పడానికి వచ్చి, వినే పిల్లలు వెళ్ళిపోయాక కూడా నన్ను కూర్చోబెట్టి చెప్పారు. తర్వాత ఆదివారాలు ఆయన ఇంటికే వెళ్ళేదాన్ని. మిర్యాలగూడ తమ్ముడు అక్కడే పరిచయమయ్యాడు. ఇద్దరికీ ఎదురుగా కూర్చుని చెంచాతో బల్ల మీద కొడుతూ మోర్స్ నేర్పారు ఆయన. "అక్షరాలు లెక్కపెట్టకమ్మా, పాటలాగా విను" అనేవారు. వాళ్ళావిడ, మా పిన్ని, ఆ చప్పుడుకి విసుక్కుంటూనే మాకు ఉప్మా పెట్టేది.

ఇక దీవి సంగతి. హిందూ మహాసముద్రం అడుగు భాగాన, మంచు ఖండానికి దగ్గరలో మనుషులెవరూ ఉండని ఒక రాతి దీవి. పక్షులూ, సముద్రపు సింహాలూ తప్ప ఇంకేం ఉండవట. ఏ పదేళ్ళకో పదిహేనేళ్ళకో ఒకసారి కొందరు అమెచ్యూర్లు ఓడ మాట్లాడుకుని అక్కడికి వెళ్ళి, గుడారాలు వేసి, కొన్ని వారాలు అక్కడి నుంచి ప్రపంచమంతటితో మాట్లాడతారు. గాలివాన ఎక్కువైతే ముందే వెళ్ళిపోతారు. బాబాయ్ జీవితంలో ఆ దీవి రెండుసార్లు ఇలా రేడియోలో పలికింది. మొదటిసారి ఆయన ఎన్నికల డ్యూటీలో ఉన్నారు. రెండోసారి పిన్నికి ఆపరేషన్ అయి దవాఖానలో ఉన్నారు. ఇది మూడోసారి.

"ఈసారి నాకేం పని లేదు. కుర్చీలోంచి లేవను" అన్నారు, ఓడ బయల్దేరిందని తెలిసిన రోజున.

నిజంగానే లేవలేదు. కానీ వాళ్ళు దీవి చేరి పిలవడం మొదలుపెట్టి వారం దాటినా ఆయనకు వినపడలేదు. చెన్నై వాళ్ళు విన్నామని స్పాట్ పెట్టారు, పుణె వాళ్ళు పెట్టారు. మిల్లుల మోటార్లు రేడియోలో రేపే రొదలో మామూలుగా ఏమీ వినలేని మిర్యాలగూడ తమ్ముడే కరెంటు పోయిన పుణ్యాన విన్నాడు. బాబాయ్‌కి మాత్రం హోరు తప్ప ఏం రావడం లేదు. మా ముగ్గురి వాట్సాప్ గ్రూపులో ఆయన వాయిస్ మెసేజీలు రోజురోజుకీ గట్టిగా అరుస్తున్నట్టు వస్తున్నాయి.

"యాంటెన్నాలో ఏదో లోపం ఉందమ్మాయ్! కేబుల్లోకి నీళ్ళు దిగాయేమో! మీరిద్దరూ ఒకసారి వచ్చి చూడాలి!"

ఆ మెసేజీ కాలేజీ స్టాఫ్ రూములో విన్నాను. పక్కన ఇంగ్లీషు మేడం ఉలిక్కిపడి, "ఎవరండీ, అట్ల తిడుతున్నరు?" అంది.

ఆదివారం కోదాడ వెళ్ళాం. వారానికి ఒక్కరోజు దొరికే సెలవు అది. ఇంట్లో బట్టలు నానబెట్టి ఉన్నాయి. మా ఆయన లారీ ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసులో పనిచేస్తాడు, ఆయనకూ ఆదివారమే సెలవు. "నేను పిండుత తియ్, పోయి రా. ముసలాయన పరేషానైతుండు" అన్నాడు. అన్నాడు గాని, బకెట్ వైపు చూసిన చూపులో నాకు తెలియనిదేం లేదు.

మిర్యాలగూడ తమ్ముడు హుజూర్‌నగర్ మీదుగా బండి మీద వచ్చాడు. మేడ ఎక్కి కేబుల్ మొత్తం విప్పాడు. కనెక్టర్లు కోసి కొత్తవి అతికించాడు. తీగను దించి, తుడిచి, మళ్ళీ ఎక్కించాం. బాబాయ్ కింద నిలబడి, ఎండకు చెయ్యి అడ్డం పెట్టుకుని, "ఇంకొంచెం బిగించు! ఆ మూల వదులుగా ఉంది!" అని అరుస్తున్నారు. తమ్ముడు నాకు మాత్రమే వినపడేలా అన్నాడు.

"అక్కా, దీంట్ల ఏం లోపం లేదు. నీళ్ళు లేవు, తుప్పు లేదు. నా యాంటెన్నా కంటె ఇదే మంచిగున్నది."

"మరి రేడియోల ఉన్నదేమో."

"సూద్దాం" అన్నాడు. ముఖంలో మాత్రం నమ్మకం లేదు.

కిందికి దిగాక పిన్ని నన్ను వంటింట్లోకి పిలిచింది. పొయ్యి మీద పప్పు ఉడుకుతోంది.

"నీతో ఒక మాట చెప్పాలమ్మా. ఈయనకి కుక్కర్ విజిల్ వినపడటం లేదు. గుమ్మంలో గంట కొట్టినా వినపడదు. అడిగితే నా మీద ఎగురుతున్నారు. టీవీ ఎంత పెద్దగా పెడతారో, పక్కింటివాళ్ళు తలుపులు వేసుకుంటున్నారు. నువ్వు చెబితే వింటారేమో."

అక్కడే నిలబడి పప్పు గుత్తి అందించాను. అప్పుడు నాకు అనుమానం కాదు, భయం పట్టుకుంది. దారి తెరుచుకునే వేళ దగ్గర పడుతోంది. అది రాకుండా ఉంటే బాగుండుననిపించింది.

పొద్దు వాలింది. బాబాయ్ గదిలో ముగ్గురం కూర్చున్నాం. చెన్నై ఆయన అప్పుడే పెట్టిన స్పాట్ తెర మీద కనపడింది. తమ్ముడు ఆ ఫ్రీక్వెన్సీకి తిప్పాడు. బాబాయ్ హెడ్‌ఫోన్లు పెట్టుకుని, కళ్ళు మూసుకుని, మెడ కొంచెం వంచి కూర్చున్నారు. ఆయన అలా కూర్చుంటే గదిలో ఎవరం కదలకూడదని మాకు ఎప్పటి నుంచో అలవాటు. చాలాసేపయ్యాక హెడ్‌ఫోన్లు తీసి నాకిచ్చారు.

"ఏముందమ్మా, ఒట్టి హోరు. చెన్నై వాడు కలగన్నాడేమో."

నేను పెట్టుకున్నాను.

హోరు ఉంది. ఆ హోరు మధ్యలో, నూలుపోగు లాగా, తెగకుండా, మోర్స్ వస్తోంది. దీవి పిలుపు. ఆ వెనుక ఎవరికో జవాబు. మళ్ళీ పిలుపు. వెతకాల్సిన పని లేదు, అనుమానించాల్సిన పని లేదు. నా కాలేజీ పిల్లలకు వినిపించినా "అదేంటి మేడం, బీప్ బీప్" అని అడిగేంత తేటగా ఉంది.

"ఏమైనా ఉందా?" అని బాబాయ్ గట్టిగా అడిగారు.

తమ్ముడు నా ముఖం చూసి తల దించుకున్నాడు. చెప్పకుండా ఉండే దారేదీ కనపడలేదు. బల్ల మీద చూపుడు వేలితో, నాకు వినపడుతున్నది వినపడుతున్నట్టే కొట్టాను. ఆయన నా వేలు చూశారు. చూస్తూనే చదివారు. దీవి గుర్తు పూర్తయ్యేసరికి ఆయన పెదవులు కదలడం ఆగింది.

మళ్ళీ హెడ్‌ఫోన్లు తీసుకుని పెట్టుకున్నారు. రెండు చేతులతో చెవులకేసి అదుముకున్నారు. కాసేపటికి వాటిని బల్ల మీద పెట్టి, తీగను జాగ్రత్తగా చుట్టారు.

"చెవిలో ఒకటే కీచుమని మోత, అమ్మాయ్. మూడేళ్ళ నుంచి. నిద్రలో కూడా ఆగదు. సరిగ్గా మోర్స్ వచ్చే స్వరం మీదే మోగుతుంది. గట్టి స్టేషన్లయితే దాన్ని దాటుకుని వినపడతాయి. సన్నటివి అందులో కలిసిపోతున్నాయనుకుంటా."

"ఎందుకు చెప్పలే బాబాయ్?"

"ఏం చెప్పను? వైర్‌లెస్ వాడికి చెవి పోయిందని చెప్పుకోవాలా?" అని, కొంచెం ఆగి, "పాపం, ఆ యాంటెన్నాని అనవసరంగా తిట్టాను" అన్నారు.

పిన్ని టీ తెచ్చింది. తాగి బయల్దేరాం. తిరిగి వచ్చేటప్పుడు హైవే మీద బస్సులో నాకు నిద్ర పట్టలేదు. మర్నాడు చెప్పాల్సిన పాఠం తెరిచి పెట్టుకున్నాను గాని ఒక్క లైనూ చదవలేదు.

ఆ వారంలోనే ఆయన్ను సూర్యాపేటలో చెవుల డాక్టరుకు చూపించాను. ప్రిన్సిపాల్‌ను సగం రోజు పర్మిషన్ అడిగితే, "అడ్మిషన్ల టైముల సెలవులా మేడం?" అన్నాడు. పాలకీడు వైపు ఒక రోజు అదనంగా తిరుగుతానని ఒప్పుకుంటే వదిలాడు. బాబాయ్ ఇస్త్రీ చొక్కా వేసుకుని, పెన్ను జేబులో పెట్టుకుని, ఇంటర్వ్యూకు వచ్చినట్టు వచ్చారు.

పరీక్ష చేసే గదికి గాజు అద్దం ఉంది. లోపల ఆయన ఒక్కరే కుర్చీలో కూర్చున్నారు. హెడ్‌ఫోన్లు తగిలించి, చేతికి ఒక బటన్ ఇచ్చారు. సన్నటి చప్పుడు ఎప్పుడు వినపడితే అప్పుడు నొక్కమన్నారు. జీవితమంతా ఆయన చేసిన పని అదే. నేను అద్దం ఇవతల, పరీక్ష చేసే అమ్మాయి పక్కన నిలబడ్డాను. ఆయన కళ్ళు మూసుకుని మెడ వంచారు. అమ్మాయి మీటలు తిప్పుతోంది. మొదట్లో రెండు మూడు సార్లు బటన్ నొక్కారు. తర్వాత నొక్కలేదు. అమ్మాయి ఇంకా తిప్పుతూనే ఉంది, ఆయన ఇంకా ఎదురు చూస్తూనే ఉన్నారు. బొటనవేలు బటన్ మీద సిద్ధంగా ఉంది. అది కదలడం లేదు. నేను అక్కడ నిలబడలేక వెళ్ళి బయట బెంచీ మీద కూర్చున్నాను.

మిషన్ పెట్టుకుంటే మాటలు బాగా వినపడతాయని, చెవిలో మోత మాత్రం పోదని, సన్నటి చప్పుళ్ళు తిరిగి రావడం కష్టమని డాక్టరు చెప్పాడు. బాబాయ్ ప్రతి మాటకూ తల ఊపారు. ఎన్ని మాటలు వినపడ్డాయో తెలియదు.

కొత్త బస్టాండులో కోదాడ బస్సు ఎక్కించాను. కిటికీలోంచి వంగి అన్నారు:

"సాయంత్రం నువ్వు వెతుకు. దొరికితే స్పాట్ పెట్టు. నా కోసమని ఆపొద్దు. విన్నది దాచుకోవడం మన పద్ధతి కాదు."

"ఇయ్యాల ఓపిక లేదు బాబాయ్."

ఆయన చెవి దగ్గర చెయ్యి పెట్టి "ఏంటి?" అన్నారు. "అట్లనే బాబాయ్" అని గట్టిగా అన్నాను. బస్సు కదిలింది.

కాలేజీలో మిగతా సగం రోజు క్లాసులు చెప్పి ఇంటికి వచ్చేసరికి మా ఆయన అన్నం వండాడు. కూర నా కోసం మిగిల్చాడు. నేను నేరుగా రేడియో గదిలోకి పోవడం చూసి, "మల్ల గా డబ్బ ముంగట కూసున్నవా? జరంత తిని కూసో" అన్నాడు. ఐదు నిమిషాలన్నాను.

నిజంగానే ఎక్కువసేపు పట్టలేదు. అందుకే ఆ రోజు తలుచుకుంటే ఇప్పటికీ మనసుకు బాగుండదు. జపాన్ నుంచి ఒకాయన పెట్టిన స్పాట్ తెర మీద ఉంది. అక్కడికి తిప్పాను. దీవి ఉంది. కోదాడలో విన్నదానికంటే గట్టిగా ఉంది. దాని చుట్టూ ప్రపంచమంతా తోసుకుంటూ పిలుస్తోంది. దీన్ని మేం పైలప్ అంటాం, జాతరలో ఒకే దుకాణం ముందు మూగిన జనంలా ఉంటుంది. అందులో నా గుర్తు ఒకసారి పంపాను. ఇంకోసారి పంపాను. మూడోసారికి నా గుర్తు నాకే తిరిగి వచ్చింది, ఒక్క అక్షరం తప్పు లేకుండా. నేను థాంక్స్ చెప్పాను, వాళ్ళు చెప్పారు, అయిపోయింది. బాబాయ్ ముప్పయ్యేళ్ళు ఎదురుచూసింది నాకు అన్నం చల్లారేలోపు దొరికింది. అలసిపోయి, ఆకలిగా, ఇంకా చెప్పులు కూడా విడవకుండా కూర్చున్న మనిషికి దొరికింది.

సంతోషం రాలేదు. కుర్చీలో వెనక్కి వాలి తెర వంక చూస్తూ కూర్చున్నాను. స్పాట్ పెట్టకుండా ఉండొచ్చు. అప్పటికే పదిమంది పెట్టారు, నాదొకటి లేకపోతే ఎవరికీ తేడా తెలియదు. కానీ బస్సు కిటికీలోంచి ఆయన చెప్పిన మాట ఉంది. రాశాను: దీవి గుర్తు, ఫ్రీక్వెన్సీ, "సూర్యాపేటలో బాగా వినపడుతోంది."

నొక్కానో లేదో ఫోన్ మోగింది. బాబాయ్ తెర ముందే కూర్చుని ఉన్నట్టున్నారు.

"చదివానమ్మా! జవాబిచ్చారా నీకు?"

"ఇచ్చిండ్రు బాబాయ్."

"ఎన్నిసార్లు పిలిచావ్?"

అబద్ధం చెబుదామనుకున్నాను. "మూడుసార్లు" అన్నాను.

"మూడుసార్లేనా! అబ్బో!" నవ్వారు. ఆ నవ్వు నిజమైనదే. తర్వాత అడిగారు: "ఎలా ఉందమ్మా చప్పుడు?"

"అంటే?"

"స్వరం. సాఫీగా ఉందా, గరగరగా ఉందా? మంచుఖండం వైపు నుంచి వచ్చేది కదా, కొంచెం వణుకుతుందంటారు. నేనెప్పుడూ వినలేదు."

నేను చెప్పాను. గొంతు పెద్దది చేసి, ఒక్కో మాట విడివిడిగా చెప్పాను. నిజమే, కొంచెం వణికింది. నీళ్ళ కింది నుంచి వచ్చినట్టుంది. కొట్టే మనిషిది నింపాదైన చెయ్యి, ఎక్కడా తొందర లేదు. ఒకసారి ఆగి, దగ్గినట్టు ఒక చుక్క ఎక్కువ పడింది, మళ్ళీ సర్దుకున్నాడు. ఆయన "ఊఁ, ఊఁ" అంటూ వింటున్నారు. అన్నీ చెప్పాక, "అలసిపోయినట్టున్నావ్, వెళ్ళి అన్నం తిను" అన్నారు.

దీవి వాళ్ళు ఉన్న మిగతా రోజుల్లో ఆయన ప్రయత్నం మానలేదు. మోర్స్ స్వరం బాగా కిందికి తగ్గించుకుని విన్నారు. గట్టి స్టేషన్లు కొన్ని తేటపడ్డాయి గాని దీవి తేటపడలేదు. స్పీకరు మీద వేళ్ళు ఆనించి అదురు పట్టుకోవాలని చూశారు. ఒక సాయంత్రం తమ్ముడు షాపు మూసి మరీ కోదాడ వెళ్ళాడు. కంప్యూటర్‌తో వినే పద్ధతి ఒకటుంది. మనిషి చెవికి అందనంత సన్నటి సంకేతాన్ని కూడా కంప్యూటరే పట్టి తెర మీద అక్షరాలుగా చూపిస్తుంది, జవాబు కూడా అదే ఇస్తుంది. దీవి వాళ్ళు అందులో కూడా ఉన్నారు. తమ్ముడు అంతా సిద్ధం చేసి నాకు ఫోన్ చేశాడు.

"అక్కా, అంత రెడీ. ఒక్క బటన్ ఒత్తితే దీవి దొరుకుతది. ఒత్తనంటుండు. నువ్వన్న చెప్పు."

ఫోన్ ఆయనకిచ్చాడు.

"బాబాయ్, అందరూ చేస్తున్నరు. తప్పేం లేదు" అన్నాను.

"తప్పని నేననలేదమ్మా. మీరు చేసుకోండి. నాకది చూసినట్టుంటుంది, విన్నట్టుండదు. ఈ వయసులో కాగితం మీద ఇంకో పేరు చేరితే ఏంటి, చేరకపోతే ఏంటి? వీడికి మాత్రం చెప్పు, అన్నం తినకుండా వెళ్తానంటున్నాడు."

అదే సాయంత్రం ఇంకో పని చేశారట. జవాబు వినపడదని తెలిసీ, తన పాత మోర్స్ కీ మీద దీవిని పిలిచారు. మనుషులు లేకుండా వాటంతటవే విని, ఎవరి పిలుపు ఎక్కడ వినపడిందో ఇంటర్నెట్‌లో రాసే రిసీవర్లు దేశదేశాల్లో ఉంటాయి. ఆయన పిలుపు ఆఫ్రికా కొసన వినపడింది, ఆస్ట్రేలియాలో వినపడింది. తమ్ముడు ఆ పేజీ చూపిస్తే, చాలాసేపు చూసి, "గొంతు బాగానే ఉందన్నమాట" అన్నారట.

ఆ వారాంతంలో దీవి మీద గాలివాన మొదలైంది. గుడారం ఒకటి ఎగిరిపోయిందని, అనుకున్నదానికంటే ముందే ఓడ ఎక్కుతున్నామని వాళ్ళు ప్రకటించారు. నేనప్పుడు పాలకీడులో, ప్రిన్సిపాల్‌కు ఒప్పుకున్న అదనపు రోజు తిరుగుతున్నాను. ఒక ఇంటి అరుగు మీద కూర్చుని ఫోన్‌లో క్లస్టర్ చూశాను. న్యూజిలాండ్ నుంచి ఎవరో ఆఖరి స్పాట్ పెట్టారు: "వెళ్ళొస్తామని చెప్పారు. ఇక ఏం వినపడటం లేదు." దాని కింద మామూలు స్టేషన్ల వరుసలు వచ్చి చేరుతున్నాయి. ఆ ఇంటావిడ బయటికి వచ్చి, "ఏమైందమ్మా, గట్ల కూసున్నవ్? నీళ్ళు తాగుతవా?" అంది. తాగాను. కాలేజీ కరపత్రం ఇవ్వడం మరిచిపోయి లేచి వచ్చేశాను.

బాబాయ్‌కి ఫోన్ చేశాను. ఆయనే ముందు అన్నారు: "చూశానమ్మా. పాపం, గాలికి ఎంత అవస్థ పడ్డారో. క్షేమంగా ఓడెక్కారు, అదే చాలు." పిన్ని ఫోన్ తీసుకుని, ఆయన రెండు రోజులుగా సరిగ్గా తినడం లేదని చెప్పింది. ఆ తర్వాత కొన్నాళ్ళు ఆయన గ్రూపులో ఏమీ పెట్టలేదు. నేనూ రేడియో ముట్టుకోలేదు. పరీక్షలు దగ్గర పడ్డాయి, పేపర్లు దిద్దేది ఉంది, అడ్మిషన్ల లెక్క చాల్లేదని ప్రిన్సిపాల్ రోజూ నిలబెట్టి అడుగుతున్నాడు. మిర్యాలగూడలో మోటార్లు వరుసగా కాలి, తమ్ముడికి తలెత్తే తీరిక లేదు.

ఎండాకాలం మొదలయ్యాక ఒక సాయంత్రం, కాలేజీ నుంచి వచ్చి అప్పుడే నడుం వాల్చాను. ఫోన్ మోగింది. బాబాయ్. చెవికి మిషన్ పెట్టుకోవడం మొదలుపెట్టారని పిన్ని చెప్పింది గాని, ఆ తర్వాత ఆయనతో మాట్లాడటం అదే మొదలు. ఇప్పుడు గొంతు అరుపులా లేదు.

"అమ్మాయ్, రేడియో పెట్టు. పసిఫిక్‌లో చిన్న దీవి ఒకటి ఇప్పుడే వచ్చింది. చెన్నైకి వినపడుతోందట, అంటే నీకూ రావాలి. ఫ్రీక్వెన్సీ చెబుతాను, రాసుకో."

"మీరేం చేస్తున్నరు బాబాయ్?"

"తెర ముందు కూర్చున్నాను. సాయంత్రం అయ్యేసరికి ఇక్కడే ఉంటాను. ఎక్కడ ఎవరు వింటున్నారో చదువుతుంటే, ఏ దారి తెరుచుకుంటోందో తెలిసిపోతుంది. మీరిద్దరూ పనుల్లో ఉంటారు, మీకు చూసే తీరికెక్కడిది? వాడికీ చేశాను, మిల్లులు తిరుగుతున్నాయట, వినపడదన్నాడు. నువ్వు చూడు."

అప్పటి నుంచి అదే ఆయన పని. వారంలో రెండు మూడు సాయంత్రాలు ఫోన్ వస్తుంది. ఒక్కోసారి నాకు చిరాకు కూడా వస్తుంది. కాళ్ళు లాగుతుంటాయి, పొయ్యి మీద పాలు ఉంటాయి, మర్నాటికి నోట్సు రాయాలి. ఫోన్ చూసి, తీయకపోతే ఏమవుతుంది అనుకుంటాను. మా ఆయనే తీసి, "చెప్పుండ్రి బాబాయ్, గీడనే ఉన్నది" అని నా చేతికిస్తాడు.

ఆ రోజు కూడా లేచాను. సెట్టు ఆన్ చేసి, ఆయన చెప్పిన చోటికి తిప్పి, హెడ్‌ఫోన్లు పెట్టుకున్నాను. ఫోన్ స్పీకరులో పెట్టి బల్ల మీద ఉంచాను. మొదట హోరే. తర్వాత హోరు వెనుక నుంచి మెల్లగా తేలింది.

"వచ్చిందా?" అన్నారు బాబాయ్.

"వచ్చింది. జర ఆగుండ్రి, సన్నగ ఉన్నది."

"తొందరేం లేదు. నిదానంగా విని చెప్పు."

నేను కళ్ళు మూసుకున్నాను. అవతల కోదాడలో ఆయన కుర్చీ కిర్రుమన్న చప్పుడు వినపడింది. పిన్ని ఏదో అడుగుతుంటే, "ఆగు, అమ్మాయి వింటోంది" అంటున్నారు.